వంత వదిలేసిన క్యాసెట్లు

1987 జూన్ నెలలో తెలుగు పండితుడిగా నాకు మొదటి ఉద్యోగం అమ్రాబాద్ పీఠభూమి మీది ఒక ఉన్నత పాఠశాలలో వచ్చింది. మాది దేవరకొండ పక్కన ఒక మెట్ట పల్లె. డిండి దాటి అచ్చంపేట దారి పట్టిన తరువాత దక్షిణాన నల్లటి కట్టలాగా కనిపించే నల్లమలను అంతకు ముందు శ్రీశైలం పోయే బస్సు కిటికీలోంచి చూడటమే తప్ప, ఆ కొండల మీద మనుషులు కాపురాలు చేసుకుంటారన్న ఊహ కూడా నాకు సరిగా ఉండేది కాదు. హాజీపూర్ దాటాక ఘాట్ ఎక్కి మన్ననూరులో బస్సు దిగినప్పుడు నా వెంట ఒక రేకు పెట్టె, చుట్టిన పరుపు ఉన్నాయి. ఏడేళ్ల తరువాత బదిలీ మీద అదే ఘాట్ దిగిన రోజు ఆ రేకు పెట్టెలో బట్టలకు చోటు లేదు. పద్నాలుగు నోటు పుస్తకాలు, పందొమ్మిది క్యాసెట్లు దాన్ని నింపాయి. అవి ఎట్లా నిండాయో, వాటిని నింపేటప్పుడు నేను చేసిన ఒక పెద్ద తప్పు ముప్పై ఏళ్లు దాటాక ఎట్లా బయటపడిందో చెప్పుకోవాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నాను.

కథాగేయాలు నాకు కొత్త కాదు. చిన్నప్పుడు మా ఊరికి పంటలు ఇంటికి చేరిన తరువాత శారదకాండ్రు వచ్చేవారు. పెద్దాయన భుజాన శారద అనే తీగల వాద్యం పెట్టుకుని కథ చెబుతుంటే, పక్కన ఇద్దరు ఆడవాళ్లు గుమ్మెట వాయిస్తూ వంత పాడేవారు. బాలనాగమ్మ కథ మూడు రాత్రులు సాగేది. నేను మా నాయనమ్మ ఒడిలో నిద్రపోయి మళ్లీ లేచేసరికి కథ ఎక్కడికో పోయి ఉండేది కానీ, వంత మాత్రం అదే గొంతుతో అక్కడే ఉండేది. పెద్దయ్యాక, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద చేసిన పరిశోధనను చదివినప్పుడు, మా ఊరి అరుగు మీద విన్నదానికి విశ్వవిద్యాలయంలో కూడా విలువ ఉందని తెలిసి పొంగిపోయాను. కొండ మీదికి వచ్చిన నాలో ఆ పొంగు ఉంది, ఆసక్తి ఉంది. వినడం ఎట్లాగో మాత్రం తెలియదు.

పీఠభూమి మీద కాలాన్ని లెక్కపెట్టుకోవడం నేను మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. కింద మేము వరి, జొన్న, ఆముదం అని లెక్కపెట్టుకునే సంవత్సరాన్ని అక్కడి చెంచు పెంటలు, అంటే అడవిలోని చెంచుల చిన్న గూడేలు, ఇప్పపువ్వు, మొర్రిపండు, తునికాకు, తేనె, గడ్డలు అని లెక్కపెట్టుకునేవి. ఫాల్గుణం దాటితే నా తరగతిలో వెనుక రెండు వరుసలు ఖాళీ అయ్యేవి. పిల్లలు తల్లిదండ్రులతో కలిసి అడవిలోకి వెళ్లేవారు. మొదటి ఏడాది నేను హాజరు పట్టీ పట్టుకుని పెంటలకు పోయి పెద్దలను మందలించాను. రెండో ఏడాది పిల్లల వెంట నేనే అడవిలోకి నడిచాను. రాత్రిళ్లు కరెంటు ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. చలికాలం తెల్లవారుజామున చేతివేళ్లు కొంకర్లు పోయేవి. వానలు పట్టుకుంటే పెంటల దారులు వాగులయ్యేవి, వారానికి ఒక ఉత్తరం వచ్చినా గొప్పే. ఇవన్నీ కష్టాలని అప్పుడు అనుకున్నాను కానీ, పాటలు నాకు దొరికింది ఆ చీకట్ల వల్లనే, ఆ వానల వల్లనే. పొద్దుగూకిన తరువాత చేయడానికి ఇంకో పని లేని చోటనే మనిషి కథ మొదలుపెడతాడు.

మొదట నేను చేసిన పని బడిపంతులు చేసే పనే. మీ ఇంట్లో అవ్వ పాడే పాట ఒకటి రాసుకుని రండి అని ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పాను. నలభై మందిలో ఇరవై మంది సినిమా పాటలు రాసుకొచ్చారు. ఒక చెంచు పిల్లవాడు మాత్రం ఖాళీ కాగితం తెచ్చి, "మా అవ్వ పాట ఇంట్ల రాదు సార్, ఇప్పచెట్టు కాడనే వస్తది" అన్నాడు. తప్పించుకోవడానికి చెప్పిన మాట అనుకున్నాను.

ఆ మార్చిలో వాళ్ల పెంటకు పోయి ఒక రాత్రి ఉన్నాను. ఇప్పపువ్వు రాత్రంతా విచ్చుకుని తెల్లవారుజామున రాలుతుంది. ఎండ ఎక్కితే వాడిపోతుంది కాబట్టి ఆడవాళ్లు చీకటితోనే బుట్టలు తీసుకుని బయలుదేరారు. ఎలుగుబంటికి కూడా ఇప్పపువ్వంటే ప్రాణం. అదీ అదే వేళకు అదే చెట్టు కిందికి వస్తుంది. అందుకని ఒక్కొక్క చెట్టు కింద ఒకరిద్దరు చొప్పున విడిపోయినా వాళ్ల గొంతులు విడిపోలేదు. ఒక చెట్టు కింద అవ్వ ఒక చరణం ఎత్తుకుంటే, చీకట్లో ఎక్కడో కనబడని చెట్టు కింద నుంచి ఒక వంత, ఇంకా దూరం నుంచి మరొక వంత వచ్చేవి. తెల్లవారిన తరువాత ఆ అవ్వను అడిగితే, "పాట ఇనవడితే ఎలుగు అటెటో వోతది. వంత ఇనవడకుంటే ఆడున్నదానికి ఏదో అయినట్టు లెక్క" అని చెప్పింది. అంటే ఆ వంత పాటకు పెట్టిన అలంకారం కాదు, నేనిక్కడ క్షేమంగా ఉన్నానని చెప్పే కబురు. ఆ మాట ఆ రోజే నోటు పుస్తకంలో రాసుకున్నాను కూడా. రాసుకున్న మాట బుర్రకెక్కడానికి ఎంత కాలం పట్టిందో ముందు ముందు తెలుస్తుంది.

చైత్ర పౌర్ణమికి సలేశ్వరం పోయినప్పుడు కూడా ఇదే విన్నాను. ఫరహాబాద్ దాటి అడవిలో నడిచి, రాళ్ల మీద పట్టు చూసుకుంటూ లోయలోకి దిగుతుంటే ముందున్నవాళ్లు లింగమయ్యను పిలుస్తూ ఒక కేక వేస్తారు, వెనుకవాళ్లు దాన్ని అందుకుంటారు. గుడి దగ్గర పూజ చేసేది చెంచులే. ఆ ఇరుకు లోయలో వేల గొంతులు ఒకదానికొకటి బదులు చెప్పుకుంటుంటే నేను నోటు పుస్తకం తీయలేదు. తీయడానికి చేతులు ఖాళీగా లేవు. ఒక చేయి బండ మీద, ఇంకొక చేయి ముందున్న ముసలాయన భుజం మీద ఉన్నాయి.

ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లో ఈ పెంటల్లో తిరిగి, 1943లో చెంచుల మీద పుస్తకం ప్రచురించాడు. నేను దాన్ని చదివింది కొండ దిగిన చాలా ఏళ్లకు. ఆయన పెంటల్లోనే మకాం పెట్టి, వాళ్ల వెంట నడిచి రాశాడు. నేను ఆదివారాలు, సెలవులు చూసుకుని పోయేవాణ్ని. పాట సెలవు రోజునే రావాలని ఎక్కడా లేదు కాబట్టి, నేను విన్నదానికంటే వినకుండా పోగొట్టుకున్నదే ఎక్కువ అని ఆ పుస్తకం చదివినప్పుడు అర్థమైంది.

కథాగేయాల కోసం మాత్రం కొండ దిగవలసి వచ్చింది. పెంటల్లోని పాటలు ఎక్కువగా పనిని, దేవుణ్ని పట్టుకుని నడిచే పొట్టి పాటలు. రాత్రుల కొద్దీ సాగే వీరుల కథలు కొండ పాదాన, బల్మూరు, లింగాల వైపు ఊళ్లలో ఉన్నాయని, అవి కిన్నెర మీద పలుకుతాయని మన్ననూరు సంతలో ఒకాయన చెప్పాడు. 1989 దసరా సెలవుల్లో ఆ వైపు ఒక ఊరికి పోయాను. మాదిగ ఇళ్లకు ఆశ్రితులుగా ఉంటూ, మాదిగల కులపురాణమైన జాంబపురాణం చెప్పి తమ వాటా అడిగి తీసుకునే డక్కలి కుటుంబం అది. పెద్దయ్యకు యాభై దాటాయి. ఆయన తన పన్నెండు మెట్ల కిన్నెరను గుడిసె చూరు నుంచి దించి నాకు చూపించిన పద్ధతి నేను ఎన్నడూ మరిచిపోను. పసిబిడ్డను చూపించినట్టు రెండు చేతుల మీద పెట్టి చూపించాడు. వెదురు దండెకు కింద ఎండిన సొరకాయ బుర్రలు, దండె మీద మెట్లు, ఆ మెట్లను పట్టి ఉంచింది తేనెమైనం. మైనం ఎక్కడిదని అడిగితే ఘాట్ వైపు చేయి చూపి, "మీ కొండ మీదిదే సారూ. చెంచోళ్లు దిగి వచ్చినప్పుడు ఇస్తరు" అన్నాడు. నేను పైన వింటున్న పాటలు, కింద వినబోతున్న కథలు ఒక్క మైనం ముద్దతో అతుక్కుని ఉన్నాయని ఆ క్షణాన అనిపించింది.

ఆయన ఎత్తుకున్నది పండుగ సాయన్న కథ. ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పెట్టి, చివరికి ఆ ఉన్నవాళ్ల చేతనే చనిపోయిన పాలమూరు వీరుడు సాయన్న. ఈ నేల మీద కరువులో పుట్టిన ముసలివాళ్లెవరికైనా ఆ పేరు చెబితే కళ్లలో ఒక వెలుగు వస్తుంది. పెద్దయ్య కిన్నెర మీద కథ నడుపుతుంటే పక్కన పెద్దమ్మ మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, కళ్లు మూసుకుని వంత పాడింది. మొదటి రాత్రి ఏమీ రాయకుండా వినాలని నేను పెట్టుకున్న నియమం. రెండో రాత్రి రాసేవాణ్ని. మూడోసారి రాసింది పాడినవాళ్లకే చదివి వినిపించేవాణ్ని. ఈ పద్ధతి నాకెవరూ నేర్పలేదు. పెంటల్లో రెండేళ్లు తప్పులు చేసి నేర్చుకున్నది.

చదివి వినిపించడం వల్ల నాకు తగిలిన మొదటి దెబ్బ ఇక్కడే తగిలింది. తెలుగు పండితుణ్ని కాబట్టి రాసేటప్పుడు నా చేయి ఊరుకునేది కాదు. ఆయన "వోతుండు" అంటే "పోవుచున్నాడు" అని, "ఆడ" అంటే "అక్కడ" అని దిద్దుకుంటూ రాశాను. అర్థంలేనివిగా తోచిన ఊతపదాలన్నీ తీసేశాను. మరునాడు పొద్దున వేపచెట్టు కింద అది చదివితే పెద్దయ్య తల వంచుకుని చివరిదాకా విని, "మంచిగున్నది సారూ. ఎవలిది ఈ పాట?" అని అడిగాడు. ఆయనకు నన్ను నొప్పించాలని లేదు. నిజంగానే అది తన పాట అని ఆయనకు తెలియలేదు. ఆ పుస్తకంలోని ముప్పై పుటలు కొట్టివేసి, పలికినది పలికినట్టు మళ్లీ రాశాను. ఊతపదాలు ఊపిరి తీసుకునే చోట్లనీ, ముందు మాట గుర్తుకు వచ్చేదాకా కథను పట్టి ఉంచే పట్టుగొమ్మలనీ, వాటిని తీసేస్తే పాడేవాడు పడిపోతాడనీ రాసేకొద్దీ తెలిసింది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఒకే కథ ఒక రాత్రి పాడినట్టు ఇంకొక రాత్రి ఉండేది కాదు. వినేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ ఉంటే సాయన్న పేదింటి పెళ్లికి సాయపడిన ఘట్టం పెరిగేది, కూలివాళ్లు ఎక్కువ ఉంటే గరిసెలు తెరిచి గింజలు పంచిన ఘట్టం పెరిగేది. నేను నాలుగు రాత్రుల పాఠాలను పక్కపక్కన పెట్టుకుని, ఏది అసలుదో తేల్చి ఒక్క శుద్ధప్రతి తయారు చేయాలని ఒక వేసవి అంతా తంటాలు పడ్డాను. ఇప్పుడు ఎవరైనా యువకులు ఈ పనికి పూనుకుంటే ఆ వేసవిని వాళ్లు మిగుల్చుకోవాలని కోరుతాను. ఏ రాత్రి పాఠాన్ని ఆ రాత్రి తేదీ కింద, వింటున్నది ఎవరో రాసి, విడిగా ఉంచడమే సరైన పని.

రాతకు అందనిది ఉందని తెలిసి, రెండు నెలల జీతంలో మిగిల్చి ఒక టేప్ రికార్డర్ కొన్నాను. ఇక్కడే ఆ పెద్ద తప్పు జరిగింది. అరవై నిమిషాల క్యాసెట్ అంటే ఒక వైపు అరగంట. కథ మూడు రాత్రులు. క్యాసెట్లు అచ్చంపేట నుంచి తెచ్చుకోవాలి, పెద్ద సెల్లులు నాలుగు వేస్తే ఒక్క రాత్రికి చాలవు. చివరికి చిక్కగా ఉన్నదాన్ని పట్టుకుని పలుచన ఉన్నదాన్ని వదిలేయాలనుకున్నాను. పెద్దయ్య చరణం పాడినంతసేపు టేపు తిరిగేది. పెద్దమ్మ వంత ఎత్తుకోగానే పాజ్ మీట నొక్కేవాణ్ని. మళ్లీ వచ్చేది అదే కదా, పుస్తకంలో ఒకసారి రాసుకున్నాను కదా అన్నది నా లెక్క. అట్లా నొక్కి నొక్కి, మూడు రాత్రుల కథను ఆరు క్యాసెట్లలో సర్దగలిగినందుకు సంతోషించాను. ఇప్పచెట్ల కింద అవ్వ చెప్పిన మాట అప్పటికి నా రెండో పుస్తకంలో, నా చేతిరాతతోనే ఉంది.

1994లో నల్లగొండ జిల్లాకు బదిలీ అయ్యాను. పెళ్లి, పిల్లలు, పరీక్ష పేపర్లు, ఇల్లు. రేకు పెట్టె అటక ఎక్కింది. పెద్దయ్య పోయిన సంగతి రెండేళ్లు ఆలస్యంగా తెలిసింది. 2009లో పెట్టె దించి చూస్తే కొన్ని క్యాసెట్లకు బూజు పట్టింది, కొన్నింటి టేపు ఒకదానికొకటి అతుక్కుపోయింది. కోఠిలో ఒక దుకాణంలో ఇచ్చి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే పందొమ్మిదిలో పదకొండు బతికాయి. కిన్నెరవి ఆరూ బతకడం నా అదృష్టం.

2022 జనవరిలో మా పాలమూరు కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య గారికి పద్మశ్రీ ప్రకటించినప్పుడు నల్లగొండలో నా ఇంట్లో నేనొక్కణ్నే కూర్చుని చాలాసేపు కళ్లు తుడుచుకున్నాను. ఆ వార్త విన్న తరువాతనే, హైదరాబాదులో మేస్త్రీ పని చేసుకుంటున్న పెద్దయ్య మనుమడికి చూరులోని కిన్నెర గుర్తుకు వచ్చింది. ఊరి బడిలో ఎవరినో పట్టుకుని నా ఫోన్ నంబరు సంపాదించాడు. "మా తాత పాట నీకాడ ఉన్నదంట గద సారూ, మా నాయిన జెప్పిండు" అన్నాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో పెన్ డ్రైవ్ పట్టుకుని పోయాను. జిల్లా 2016లోనే మారి నాగర్‌కర్నూల్ అయింది, గుడిసె పోయి రెండు గదుల స్లాబు ఇల్లు వచ్చింది. వేపచెట్టు మాత్రం ఉంది. పెద్దమ్మకు ఎనభై ఏళ్లుంటాయి. చూపు తగ్గింది, చెవులు మాత్రం చురుగ్గా ఉన్నాయి.

మనుమడు స్పీకర్ డబ్బా పెట్టి మొదటి క్యాసెట్ మొదలుపెట్టాడు. కిన్నెర పలికింది. ఇన్నేళ్ల తరువాత భర్త గొంతు వినగానే పెద్దమ్మ ఏడవలేదు. వీపు నిటారుగా పెట్టి, మోకాళ్లు ముడుచుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది. చరణం అయిపోగానే ఆమె నోరు తెరిచి వంత ఎత్తుకుంది. అదే క్షణాన టేపులో టక్ మన్నది, పెద్దయ్య తరువాతి చరణంలోకి పోయాడు. ఆమె ఆగింది. మళ్లీ చరణం అయింది, మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ టక్ మన్నది. మూడోసారి కళ్లు తెరిచి స్పీకర్ వైపు చూస్తూ, "ఈన ఎన్నడిట్ల పాడలేదు. నన్ను ఇడిసిపెట్టి ఎందుకు వోతుండు?" అని అడిగింది.

నేను లేచి ఆమె దగ్గర కూర్చుని జరిగింది చెప్పాను. సెల్లుల సంగతి, క్యాసెట్ల సంగతి, మీట సంగతి. "నీ వంత ఒక్కటే తీరు ఉంటదనుకున్న పెద్దమ్మా" అన్నాను. ఆమె కోప్పడలేదు. "ఒక్కతీరెట్లుంటది సారూ? ఆయన సాయన్నను ఊర్లెకు తెస్తే నేను జనం నోరయితి. సాయన్నను వట్టనీకి వస్తే నేను తల్లి నోరయితి. ఆయన మరిచిన కాడ నేనే అందిస్తి" అని చెప్పింది. నేను వదిలేసింది పాట నీడను కాదు. ఆ కథను విని బదులు చెప్పిన మనుషులందరినీ వదిలేశాను.

అప్పటి నుంచి మేము చేస్తున్న పని ఇది. మనుమడు టేపు నడుపుతాడు. టక్ మన్న ప్రతి చోటా ఆపుతాడు. పెద్దమ్మ ఆ ఖాళీలో పాడుతుంది, నేను రెండో ఫోన్‌లో పట్టుకుంటాను, పుస్తకంలో అదే చరణం కింద ఎర్ర సిరాతో రాస్తాను. ఊరికే అడిగితే ఆమెకు ఒక్క ముక్క గుర్తుకు రాదు. ఆయన చరణం చెవిన పడితేనే వస్తుంది. కొన్ని ఖాళీల దగ్గర నోరు విప్పదు. మొదట మరిచిపోయిందనుకుని ఆ చరణం మళ్లీ వినిపించాను. "యాదికున్నది. ఈడ నేను ఊకున్న" అంది. సాయన్నను చంపిన ఘట్టంలో అట్లాంటివి వరుసగా నాలుగు ఉన్నాయి. ఆ నాలుగు చోట్లా ఎర్ర సిరాతో ఏమీ రాయకుండా ఒక్కొక్క గీత మాత్రం గీశాను, ఎవరూ రాయడం మరిచారనుకోకుండా ఆమె చెప్పిన మాట అంచున రాశాను.

అరగంటకు మించి ఆమె కూర్చోలేదు కాబట్టి పని నిదానంగా సాగుతోంది. మనుమడు పండుగలకు, పని లేని రోజులకు వస్తేనే మాకు వీలవుతుంది. మధ్యలో కిన్నెర మెట్లు ఎండకు కదిలితే మైనం కోసం మేమిద్దరం మన్ననూరు పోయి ఒక చెంచు ఇంట్లో తెచ్చుకున్నాం. ఆ మెట్లు అతికించడం పెద్దమ్మే చేత్తో తడిమి చూసి నేర్పింది. ఆరు క్యాసెట్లలో మూడు పూర్తయ్యాయి. నాలుగోది సగంలో ఉండగా ఒక సాయంత్రం ఆమె గొంతు ఆరిపోయి, మంచినీళ్లు తాగి, "ఈ ఒక్కటి నువ్వు అందుకో బిడ్డా, ఇన్నవు గద ఇన్ని దినాలు" అన్నది. పెద్దయ్య చరణం ముగిసింది. నేను అందుకున్నాను. పుస్తకంలో ఆ వంత పక్కన ఆమె పేరు కాకుండా నా పేరు రాసి, తేదీ వేశాను.